మూత ఉన్న టిష్యూ రోల్ బాక్స్ కొంటున్నారా? గోడకు డ్రిల్ పెట్టకముందే ఇది చదవండి

బాత్రూమ్‌లో టాయిలెట్ టిష్యూ రోల్ పెట్టుకునే డిస్పెన్సర్ కొనబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా మూత వేసి ఉండే, ఒకేసారి రెండు రోల్స్ పట్టే నిలువు బాక్సుల గురించి. నేను అలాంటిది ఒకటి కొని రెండు నెలలు అవస్థపడ్డాను. డబ్బు పోయింది, టైల్ పగిలింది, అన్నిటికన్నా బాధాకరంగా మా అమ్మ వేలు తెగింది. అమ్మకందారు పేజీలో లేని ఒక కొలతను ముందే అడిగి ఉంటే నేనది కొనేదాన్నే కాదు.

ఫొటోలో చాలా బాగుంది. మెరిసే స్టీలు, ముందు సన్నటి కిటికీ, రోల్ ఎంత మిగిలిందో బయటికి కనిపిస్తుంది. కింది రోల్ ఒక కడ్డీ మీద తిరుగుతుంది, పై రోల్ దాని మీద కూర్చుని ఎదురుచూస్తుంది. కిందిది అయిపోయాక అట్టగొట్టం తీసేస్తే పైది జారి ఆ స్థానంలోకి వస్తుంది. మధ్యలో పేపర్ అయిపోయిందని ఎవరినో కేకేయాల్సిన పని ఉండదనే ఆశతోనే కొన్నాను.

"అన్ని సైజుల రోల్స్‌కూ సరిపోతుంది" అని రాశారు. కింద ఇచ్చిన కొలతల్లో లోతు 13 సెంటీమీటర్లు అని ఉంది. మా ఇంట్లో వాడే రోల్ వ్యాసం 12. ఇంకా ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటుంది కదా అనుకున్నాను. తీరా వచ్చాక స్కేలు పెట్టి చూస్తే ఆ 13 బయటి కొలత! వెనక ప్లేటు, మూత మందం, మూత లోపలివైపు పేపర్ తెంపడానికి బిగించిన కట్టర్ పట్టీ తీసేస్తే రోల్‌కు మిగిలింది 11 మాత్రమే. కొత్త రోల్ పెట్టిన ప్రతిసారీ పైపొరలు విప్పి పక్కన పెడితే తప్ప మూత పడేది కాదు. అలా విప్పిన పేపర్ తడి తగిలి పాడైపోయేది.

మామూలు రోల్ వెడల్పు 10, 11 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. అది దాదాపు అన్నిటికీ ఒకటే, అక్కడ ఇబ్బంది రాదు. తేడా అంతా లావులోనే. 10 నుంచి 13 సెంటీమీటర్ల దాకా మామూలుగా దొరుకుతాయి, ఎక్కువ షీట్లు ఉన్నాయని అమ్మే పెద్ద రోల్స్ ఇంకా లావుగా ఉంటాయి. కాబట్టి మూత ఉన్న బాక్సయితే మూత వేశాక లోపల ఎంత చోటు మిగులుతుందో అడగండి. మూత లేని హోల్డరయితే గోడ నుంచి కడ్డీ మధ్యకు ఎంత దూరమో అడగండి. 13 సెంటీమీటర్ల రోల్‌కు అది కనీసం ఏడున్నర ఉండాలి, లేకపోతే రోల్ గోడను రాసుకుంటుంది.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. రోల్ తిరగాలంటే దాన్ని పట్టి ఆపుతున్న రాపిడిని మన చెయ్యి దాటాలి. మామూలు కడ్డీ మీద వేలాడే రోల్‌కు ఆ రాపిడి రోల్ బరువు వల్లే వస్తుంది. పేపర్ అయిపోతున్నకొద్దీ బరువూ తగ్గుతుంది, అందుకే చివరి షీటు దాకా తేలిగ్గా వస్తుంది. ఈ బాక్సులో అలా కాదు. కడ్డీ రెండు చివర్లా స్ప్రింగులు రోల్‌ను పక్కల నుంచి నొక్కుతున్నాయి. పైనుంచి రెండో రోల్ బరువంతా దీని మీదే ఉంది. ఈ రెండూ పేపర్ తగ్గినా తగ్గవు. రోల్ నిండుగా ఉన్నప్పుడు మనం లాగే అంచు మధ్య నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, సగానికి పైగా అయిపోయాక 3 సెంటీమీటర్లే. దూరం సగమైతే అదే రాపిడిని దాటడానికి రెట్టింపు బలంతో లాగాలి. పేపర్ మీది చిల్లుల గీత మాత్రం మొదట ఎంత బలంగా ఉందో చివరా అంతే కదా! గీత దగ్గర పుటుక్కున తెగిపోతుంది. మా ఇంట్లో రోల్ కొత్తగా ఉన్నప్పుడు మూత రాసుకుని తెగేది, పాతబడ్డాక స్ప్రింగుల బిగువుకు తెగేది. మధ్యలో ఓ నాలుగు రోజులు మాత్రం బాగా పనిచేసేది.

ఒక్కో షీటే చేతికొచ్చేది. అమ్మకందారుకు ఫిర్యాదు చేస్తే, పేపర్ వృథా కాకుండా కావాలనే అలా చేశామని జవాబిచ్చారు. నేను ఒప్పుకోను. ఒక్కో ముక్కగా వస్తే పది ముక్కలు లాగుతాం, వాటిలో మూడు నేల మీద పడతాయి. వికలాంగుల సౌకర్యం కోసం అమెరికాలో ఉన్న ఏడీఏ ప్రమాణాల్లో అయితే, పేపర్ రావడాన్ని నియంత్రించే, ఆగకుండా రానివ్వని డిస్పెన్సర్లు పెట్టకూడదని స్పష్టంగా ఉంది. చేతుల్లో పట్టులేనివాళ్లకు అదెంత కష్టమో ఆలోచించే ఆ మాట రాసి ఉంటారు. మా అమ్మను చూశాక నాకది అర్థమైంది.

అమ్మకు వేళ్లు సరిగా వంగవు. పేపర్ తెగినప్పుడల్లా దాని కొస లోపలికి వెళ్లిపోయేది. కిందనున్న సన్నటి సందులోంచి వేలు పెట్టి వెతుక్కోవాలి. సరిగ్గా అక్కడే ఆ కట్టర్ పట్టీ, రంపం పళ్లలాగా. ఒక రాత్రి వేలు కోసుకుని, మమ్మల్ని నిద్రలేపడం ఇష్టంలేక తనే గుడ్డ చుట్టుకుని పడుకుంది. పొద్దున చూసి నాకు కన్నీళ్లాగలేదు. చిల్లుల గీత ఉన్న పేపర్‌కు ఇనుప పళ్లు ఎందుకు? దయచేసి ఫొటోలో ఆ అంచును పెద్దది చేసి చూడండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అలాంటిది అసలు వద్దు.

బిగించడం గురించి. మొదట వాళ్లిచ్చిన అంటుడు పట్టీతోనే పెట్టాను. మూడో రోజు వేణ్నీళ్ల స్నానం తర్వాత ఆవిరికి ఊడి పడింది. అంటుడు పట్టీలకు శుభ్రంగా, పొడిగా, నున్నగా ఉన్న టైల్ కావాలి, అతికించాక కనీసం ఒక రోజు బరువు పెట్టకుండా వదిలేయాలి. నేను అవన్నీ పాటించాను. అయినా రెండు నిండు రోల్స్ బరువు, పైగా రోజూ కిందికి లాగడం, ఇంత భారం దానికి ఎక్కువే. అప్పుడు డ్రిల్ తీశాం. రంధ్రాలు ఎక్కడ పెట్టాలో చూపించే కాగితం బాక్సుతోపాటు వచ్చింది. అందులోని గుర్తులకూ బాక్సు వెనకున్న రంధ్రాలకూ నాలుగు మిల్లీమీటర్ల తేడా ఉందని రెండు రంధ్రాలూ పెట్టేశాకే తెలిసింది. పక్కనే మళ్లీ పెట్టబోతే టైల్ నిలువునా చీలింది. డ్రిల్ హ్యామర్ మోడ్‌లో, అంటే దెబ్బలు కొడుతూ తొలిచే సెట్టింగ్‌లో, ఉండిపోయింది, అది మా పొరపాటే. టైల్ దాటేదాకా ఆ మోడ్ వాడకూడదు. కానీ కాగితం సరిగ్గా ఉంటే ఆ మూడో రంధ్రం అవసరమే వచ్చేది కాదు.

వెనక్కి పంపుతామంటే "గోడకు బిగించిన వస్తువు తీసుకోం" అన్నారు. ఈ ఒక్క మాట కోసమైనా నా పోస్టు గుర్తుపెట్టుకోండి. బాక్సు రాగానే గోడ జోలికి వెళ్లకండి. మీ ఇంట్లో ఉన్న రోల్స్‌లో అన్నిటికన్నా లావుది అందులో పెట్టి, మూత వేసి, ఒకరు గోడకు ఆనించి పట్టుకుంటే ఇంకొకరు ఒక్క చేత్తో లాగి చూడాలి. తర్వాత సగం వాడిన రోల్‌తో, ఆ తర్వాత అయిపోవచ్చిన రోల్‌తో. మూడుసార్లూ నాలుగైదు షీట్లు తెగకుండా రాకపోతే అదే రోజు వెనక్కి పంపేయండి. లాగడం వీడియో తీసిపెట్టుకోండి.

స్టీలు విషయం కూడా చెప్పాలి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చాలామంది అంటారు, నేనూ అలాగే చూశాను, అంటుకోలేదు. కానీ మంచిదని చెప్పే 304 రకం స్టీలే కాదు, నికెల్ తక్కువుండే చవకైన 202 రకం కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. ఆ పరీక్షతో ఈ రెండిటికీ తేడా తేలదు. మా బాక్సు పైభాగం ఇప్పటికీ మెరుస్తూనే ఉంది, లోపలి స్ప్రింగులు, వాళ్లిచ్చిన స్క్రూలు మాత్రం నెలన్నరకే తుప్పుపట్టి తెల్లటి పేపర్ మీద ఎర్రటి మరకలు వేశాయి. అయస్కాంతం పెట్టాల్సింది స్క్రూలకూ స్ప్రింగులకూ, గట్టిగా అంటుకుంటే అది తుప్పుపట్టే మామూలు ఇనుము కావచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో వంచిన కడ్డీ హోల్డర్ ఉంది, ఒకవైపు తెరిచి, కొస కొద్దిగా పైకి లేచి ఉంటుంది. ఒక్క చేత్తో రోల్ తొడగొచ్చు. నేల నుంచి సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తులో, కమోడ్ ముందు అంచు కంటే 20 సెంటీమీటర్లు ముందుకు పెట్టాం, అమ్మ వెనక్కి తిరగనక్కర్లేదు. పేపర్ కొస ముందువైపు నుంచి జారేలా పెడితే గోడకు రాసుకోదు. అమెరికాకు చెందిన సెత్ వీలర్ 1891లో తీసుకున్న రోల్ పేపర్ పేటెంట్ బొమ్మలోనూ అలాగే ఉంటుంది. షవర్ నీళ్లు పడే చోటయితే పైన రేకు మాత్రమే ఉండి ముందు, కింద తెరిచి ఉన్న రకం చూసుకోండి.

అమ్మకందారుకు లోపలి కొలతలు, రంధ్రాల తేడా, అమ్మ వేలి గాయం ఫొటోలతో సహా మూడుసార్లు పంపాను. ఆ పేజీలో ఇవాళ్టికీ "అన్ని సైజుల రోల్స్‌కూ సరిపోతుంది" అనే ఉంది.