ఇరవై రూపాయల టిక్కెట్టుతో శిల్పుల దిల్లీ

దిల్లీ వెళ్లిన మనవాళ్లలో ఎక్కువమంది ఇండియా గేటు దగ్గర ఫొటోలు దిగి, అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న జైపూర్ హౌస్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా తిరిగి వస్తారు. ఆ భవనంలోనే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్, అంటే జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ఉంది. మేము వెళ్లినప్పుడు భారతీయులకు టిక్కెట్టు 20 రూపాయలు, విదేశీయులకు 500. సోమవారం సెలవు. ఈ యాత్రలో మేము పెట్టిన ఖర్చులన్నిటిలోకీ మనసు నిండా దక్కింది ఈ ఇరవై రూపాయలకే కనుక, దాని గురించి వివరంగా రాయక తప్పదు.

అంతకంటే ముందు బస సంగతి చెప్పాలి, ఎందుకంటే మ్యూజియం గుమ్మం ఎక్కేటప్పటికి మా ముగ్గురి (నేను, మా ఆవిడ, మా బావమరిది) మొహాలూ ఎలా ఉన్నాయో దాన్ని బట్టే అర్థమవుతుంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ప్రయాణం హాయిగా సాగింది. పొద్దున్నే దిగి, స్టేషనుకు దగ్గరలో ఉన్న ఒక లాడ్జికి వెళ్లాము. ఫోనులో మాట్లాడుకున్న అద్దె రోజుకు 1,800 రూపాయలు, అడ్వాన్సు వెయ్యి రూపాయలు ముందే పంపించాము. కౌంటరులో కూర్చున్న మనిషి, గది ఇచ్చే వేళ మధ్యాహ్నం పన్నెండు గంటలనీ, ముందుగా తాళం కావాలంటే మరో 600 కట్టాలనీ అన్నాడు. కట్టాము. ఫొటోలో వీధి వైపు కిటికీ ఉన్న గది చూపించి, తీరా ఇచ్చింది లిఫ్టు గోడకు ఎదురుగా కిటికీ తెరుచుకునే గది. రాత్రంతా ఆ లిఫ్టు మూలుగుతూనే ఉంది. ఖాళీ చేసేనాడు చూస్తే బిల్లులో అడ్వాన్సు ఊసే లేదు. అది ఏజెంటుకు చేరిందట, తమ చేతికి రాలేదట! మా ఆవిడకు హిందీ అంతంతమాత్రం కాబట్టి తెలుగులోనే దులిపేసింది, అతను మాత్రం అన్నీ అర్థమైనట్టు తల ఊపి డబ్బు పూర్తిగా వసూలు చేసుకున్నాడు. కాబట్టి నా సలహా ఒక్కటే: గది ఇచ్చే వేళ, అడ్వాన్సు ఎవరి పేరున చేరుతుందన్న సంగతి, ఈ రెండూ మెసేజీ రూపంలో రాయించుకోకుండా పైసా పంపవద్దు. స్టేషను దగ్గర కదా అన్న మాటకు లొంగవద్దు. మెట్రో ఉన్న ఊరిలో స్టేషను పక్కనే ఉండవలసిన అవసరం ఎవరికీ లేదు.

లాడ్జి ముందున్న ఆటోవాలా జైపూర్ హౌస్‌కు 300 అడిగాడు. మేము మెట్రోలో సెంట్రల్ సెక్రటేరియట్ దాకా వెళ్లి, అక్కడ వయొలెట్ లైను పట్టుకుని ఖాన్ మార్కెట్‌లో దిగి, 60 రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాము.

జైపూర్ హౌస్ 1936లో జైపూరు మహారాజు దిల్లీ నివాసంగా కట్టినది. సీతాకోకచిలుక ఆకారపు ప్లాను, నడిమధ్య గుమ్మటం. 1954 మార్చి 29న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, ప్రధాని నెహ్రూ సమక్షంలో ఇక్కడ గ్యాలరీని ప్రారంభించారు. బరోడా మ్యూజియాన్ని తీర్చిదిద్దిన జర్మన్ కళాచరిత్రకారుడు హెర్మన్ గోట్జ్ దీనికి తొలి క్యూరేటరు, అంటే సేకరణనూ ప్రదర్శనలనూ చూసుకునే అధికారి. ఆయన ఏర్పాటు చేసిన ప్రారంభ ప్రదర్శన చిత్రాలది కాదు, శిల్పాలది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి, రామ్‌కింకర్ బైజ్, శంఖో చౌధురి, ధన్‌రాజ్ భగత్ వంటి శిల్పులందరూ అందులో పాల్గొన్నారు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ చిత్రాలంతటి సంపద చేతిలో ఉండి కూడా శిల్పంతో తలుపులు తెరవడం నాకు చాలా నచ్చింది; ఆధునిక కళ అనగానే గోడకు వేలాడే పటమే గుర్తుకొచ్చే మనకు అది ఈనాటికీ పనికొచ్చే ఆలోచన. అందుకే ఈసారి ఆ తొలి ప్రదర్శన శిల్పులనే వెతుక్కుంటూ తిరగాలని ముందే నిర్ణయించుకున్నాను.

వెతకనక్కరలేకుండా మొదటివాడు ఆవరణలోనే ఎదురయ్యాడు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి 'శ్రమ విజయం' అది. మద్రాసు మెరీనా తీరాన చూసినవారికి చిరపరిచితమైన శిల్పమే. నలుగురు కూలీలు పెద్ద బండను కదిలిస్తున్నారు. ఆయన 1929 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు మద్రాసు ఆర్ట్ స్కూలుకు ప్రిన్సిపాలుగా పనిచేశారు కాబట్టి, ఉమ్మడి మద్రాసు రోజుల మనవాళ్లకు ఆయన పరాయివాడు కాదు. అప్పటిదాకా లాడ్జివాణ్ణి తిట్టుకుంటూ, కరోల్‌బాగ్ బజారుకు ఎప్పుడు వెళదామని గొణుగుతున్న మా బావమరిది ఇక్కడ ఆగిపోయాడు. అతను ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. శిల్పం చుట్టూ రెండుసార్లు తిరిగి, "బావా, బరువు ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఆ కాలు ఇంకో జానెడు ఇటు పెట్టి ఉంటే బండ కదలదు" అన్నాడు. కళావిమర్శ పేరిట నేను చదివిన చాలా వ్యాసాల కంటే ఆ మాట సూటిగా ఉంది.

పాత భవనం ఒక్కటే ఉన్న రోజుల్లో సేకరణలో చాలా భాగం గోదాములోనే ఉండవలసి వచ్చేది. 2009 జనవరిలో తెరిచిన కొత్త విభాగం ప్రదర్శన స్థలాన్ని సుమారు ఆరు రెట్లు పెంచింది. ఆడిటోరియం, గ్రంథాలయం, చిత్రాలను బాగుచేసే ప్రయోగశాల కూడా దానితో వచ్చాయి. 17,000 పైగా కళాఖండాలున్న సంస్థకు ఇది ఎంతో కావలసిన విస్తరణ. పాత భవనపు నిండుదనం కొత్తదానికి రాలేదని నా అభిప్రాయం, అయితే లోపల నిలబడి చూడడానికి, వెనక్కి జరిగి మళ్లీ చూడడానికి కావలసిన చోటు మాత్రం కొత్తదానిలోనే ఉంది. షేర్‌గిల్ 1935లో వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' ముందు మా ఆవిడ చాలాసేపు కూర్చుంది. ఆ ముగ్గురిలో ఒక్కరూ మనవైపు చూడరు. ఎక్కడికో పంపబోతున్నారని తెలిసిన పిల్లల్లా ఉన్నారని ఆమె అంది. చిత్రకారుడు నందలాల్ బోస్ 1938 హరిపురా కాంగ్రెస్ మహాసభ కోసం వేసిన ఫలకాలలో డప్పు, వంట, కుమ్మరి సారె కనిపిస్తుంటే అక్కడే ఉండిపోవాలనిపించింది. ప్రదర్శనలు మారుతూ ఉంటాయి కనుక, వీటిలో ఏవి ఎదురవుతాయన్నది మీరు వెళ్లిన వేళను బట్టి ఉంటుంది. కనీసం మూడు గంటలు కేటాయించుకోండి. గంటలో చూసి వస్తామనేవారు వెళ్లకపోయినా నష్టం లేదు. ఆకలి వేస్తే అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీను ఉండనే ఉంది. పప్పు, పొడి, నెయ్యి పడ్డాక మా ఆవిడ లాడ్జిని దాదాపు క్షమించింది.

ఆ తొలి ప్రదర్శన శిల్పుల్లో మరొకరు మరునాడు వీధిలో దొరికారు. సంసద్ మార్గ్‌లోని రిజర్వు బ్యాంకు ద్వారానికి ఇరువైపులా రామ్‌కింకర్ బైజ్ చెక్కిన యక్షుడు, యక్షిణి నిలబడి ఉన్నారు. యక్షుడి చేతుల్లో పళ్లచక్రం, డబ్బు సంచి: పరిశ్రమకు గుర్తు. యక్షిణి వ్యవసాయానికి. రోడ్డు మీది నుంచే తీరిగ్గా చూడవచ్చు, ఖర్చు ఏమీ లేదు. అక్కడి నుంచి సర్దార్ పటేల్ మార్గ్ దగ్గరున్న 'గ్యారహ్ మూర్తి' (పదకొండు విగ్రహాలు)కి, ఆగి ఉండడంతో కలిపి, ఆటోకు 250 ఇచ్చాము. గాంధీ వెనుక పదిమంది దండి వైపు నడుస్తున్న ఈ శిల్పం కూడా దేవీప్రసాద్‌దే. రద్దయిన పాత 500 రూపాయల నోటు వెనుక ఉన్న బొమ్మ ఇదే. ఎదురుగా ఆటో ఆపనివ్వరు, కాస్త ముందుకు వెళ్లి దిగి నడవాలి. వాహనాల రద్దీ మొదలవకముందే, ఎనిమిది లోపు వెళితే నాలుగు వైపుల నుంచీ నిదానంగా చూడవచ్చు.