గుంటూరు వాళ్లు జాగ్రత్త: వైరస్ తీయమని ఇస్తే డీ డ్రైవ్ మొత్తం తుడిచేసి సినిమాలు నింపి ఇచ్చారు

అరండల్‌పేటలో ఆ కంప్యూటర్ రిపేర్ షాపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు ఇక్కడ రాయను, కంప్లైంట్ పెట్టాను కాబట్టి ముందు అది తేలాలి. కానీ ఈలోపు ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. మిర్చి యార్డులో కొందరు కమీషన్ వ్యాపారులకు ఇంటి దగ్గరే లెక్కలు రాసిపెడతాను. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, అమ్మకం పట్టీలు, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, జీఎస్టీ రిటర్న్‌లు అన్నీ ఇంట్లో ఉన్న ఒక్క డెస్క్‌టాప్‌లోనే. ఈమధ్య స్క్రీన్ కుడివైపు కింద మూలన "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే క్లీన్ చేయండి" అని ఒకదాని మీద ఒకటి మెసేజ్‌లు రావడం మొదలైంది. దానికితోడు పని మధ్యలో నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయిపోతోంది, మెమరీ మేనేజ్‌మెంట్ అని ఎర్రర్ చూపిస్తోంది. రిటర్న్ గడువు దగ్గరపడుతోంది, టెన్షన్. సీపీయూ తీసుకెళ్లి షాపులో ఇచ్చాం.

ఇచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చెప్పాను. "సీ డ్రైవ్‌లో మీరేం చేసుకున్నా పర్లేదండీ, డీ మాత్రం ముట్టుకోవద్దు, మా నాన్నగారి ఫోటోలు, వీడియోలు అందులోనే ఉన్నాయి" అని. నాన్నగారు ఇప్పుడు లేరు. షష్టిపూర్తి వీడియో, మా అబ్బాయిని ఎత్తుకుని వాకిట్లో తిరుగుతున్న వీడియో, ఆయన గొంతు వినిపించేవన్నీ అందులోనే. కౌంటర్ దగ్గరున్న అతను సరేనమ్మా అని స్లిప్పు మీద తన చేత్తోనే "డీ డ్రైవ్ డేటా ముఖ్యం" అని రాశాడు. ఆ స్లిప్పు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

వైరస్ తీయడం, విండోస్ వేయడం, యాంటీవైరస్ కలిపి రెండున్నర వేలు తీసుకున్నారు. ఇంటికొచ్చి ఆన్ చేసి డీ తెరిస్తే ఏముంది? కొత్త సినిమాలు, పాత సినిమాలు, పిల్లల సినిమాలు అని మూడు ఫోల్డర్లు. అంతే. ఇంకేమీ లేదు.

వెంటనే వెనక్కి వెళ్లి అడిగాను. అతను తల కూడా ఎత్తలేదు. "వైరస్ డీలోకి కూడా పాకిందమ్మా, ఫార్మాట్ కొట్టకపోతే మళ్లీ వస్తుంది" అన్నాడు. స్లిప్పు చూపించి, ఇది రాసింది మీరే కదా అన్నాను. "ముఖ్యం అని రాశాం, గ్యారంటీ అని రాయలేదు కదా" అన్నాడు. ఈ మాట విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు. స్లిప్పు అడుగున సన్న అక్షరాలతో 'డేటాకు మా బాధ్యత లేదు' అని అచ్చేసి ఉన్న లైను మీద వేలు పెట్టి చూపించాడు. ఫార్మాట్ చేసేముందు ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది కదా, నంబరు స్లిప్పు మీదే ఉంది కదా అంటే, "రోజుకి ఎన్ని మెషీన్లు వస్తాయో మీకేం తెలుసు, అందరికీ ఫోన్లు చేస్తూ కూర్చుంటామా, అయినా సినిమాలు ఫ్రీగానే వేసిచ్చాం, డబ్బులు తీసుకోలేదు" అన్నాడు. ఆ తర్వాత "మేడం, కాస్త పక్కకి జరగండి, వెనక కస్టమర్లు ఉన్నారు" అన్నాడు. నాన్నగారి గొంతు పోయిందని ఏడుపు మింగుకుంటూ నిలబడిన మనిషితో మాట్లాడే మాటలా ఇవి? పక్కన పనిచేస్తున్న కుర్రాడొకడు తలదించుకున్నాడు, అతనికైనా తప్పు అనిపించింది.

అసలు సంగతి హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు వచ్చి చూశాకే బయటపడింది. మా దాంట్లో విండోస్ ఉండే సీ ఎస్ఎస్‌డీ అనే ఒక డిస్కులో ఉంది, డీ ఉన్నది వేరే హార్డ్‌డిస్క్‌లో. రెండూ విడివిడి డిస్కులు. విండోస్ మళ్లీ వేయాలంటే డీ కేబుల్ పీకి పక్కన పెడితే సరిపోయేది. డీలో వైరస్ ఉందనే అనుమానం ఉంటే స్కాన్ చేసుకోవచ్చు, ఫోటోలు తుడిచేయాల్సిన అవసరమే లేదు. ఆ మూలన వచ్చిన మెసేజ్‌లు కూడా చాలావరకు వైరస్ కాదట, ఏదో వెబ్‌సైట్‌కి నోటిఫికేషన్ల అనుమతి వెళ్లిపోతే బ్రౌజరే చూపిస్తుందట, క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆ సైటుని తీసేస్తే ఆగిపోతాయి. ఇక నీలం స్క్రీన్ ఫార్మాట్ అయ్యాక కూడా వచ్చింది! మావాడు ర్యామ్ (కంప్యూటర్ మెమరీ ముక్క) బయటికి తీసి, దాని అంచుని రబ్బరుతో రుద్ది, స్లాటులో దుమ్ము దులిపి మళ్లీ పెట్టాడు, విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నోస్టిక్ నడిపాడు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. అంటే షాపువాళ్లు అన్నీ ఫార్మాట్ చేశారు గానీ ఆ ఎర్రర్‌ని పట్టించుకోనే లేదు.

దీనికన్నా భయం పుట్టించింది ఇంకొకటి. మా కంప్యూటర్ కొన్నప్పుడే ఒరిజినల్ విండోస్ హోమ్‌తో వచ్చింది, దాని కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి అదే హోమ్ మళ్లీ వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. షాపువాళ్లు దాన్ని తీసేసి దొంగ విండోస్ ప్రో వేసి, కొనకుండానే దాన్ని నడిపించే కేఎంఎస్ యాక్టివేటర్ అనే క్రాక్ పెట్టారు. ఆ క్రాక్ పట్టుబడకుండా విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌కి సీ డ్రైవ్ మొత్తాన్నీ వదిలేయమని చెప్పి ఉంచారు, అంటే ఆ డ్రైవ్‌లోకి ఏం వచ్చినా డిఫెండర్ కన్నెత్తి చూడదు. వైరస్ తీయమని డబ్బులిచ్చిన చోటే తలుపులు బార్లా తీసి పంపారు. వ్యాపారుల జీఎస్టీ పాస్‌వర్డ్‌లు నేను అందులోనే కొట్టేదాన్ని. "అత్తా, ముందు వేరే ఫోన్ నుంచి అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చేయి" అన్నాడు మావాడు, మార్చాను. మళ్లీ ఒరిజినల్ హోమ్ వేసిచ్చాడు.

ఫోటోల కోసం ఫోటోరెక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడిపాడు. హార్డ్‌డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ చేసినా, దాని మీద కొత్తగా ఏమీ రాయకపోతే పాతవి చాలావరకు తిరిగి వస్తాయి. కానీ ఇక్కడ వాటి మీదే సినిమాలు కాపీ చేశారు. కొన్ని ఫోటోలు వచ్చాయి, పేర్లు, తేదీలు లేవు, కొన్నింట్లో సగం బొమ్మ ఉండి మిగతా సగం బూడిదరంగు. వీడియోలు ఒక్కటీ తెరుచుకోలేదు. వాళ్ల తాతయ్యవే కదా, వాడి మొహం కూడా చూడలేకపోయాను. సినిమాలు వేయకుండా ఊరుకుని ఉంటే ఆ వీడియోలు దక్కేవి. ఎవరడిగారు సినిమాలు?

టాలీ డేటా వ్యాపారుల దగ్గర కాపీలు ఉన్నాయి కాబట్టి బయటపడ్డాం.

మీరు రిపేరుకి ఇచ్చేటప్పుడు డేటా ఉన్న డిస్కు విప్పించుకుని ఇంట్లో పెట్టుకుని ఇవ్వండి, విప్పనంటే ఆ షాపు వద్దు. తెచ్చుకున్నాక విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ (డిఫెండర్ చూడకుండా వదిలేసేవి) అనేదాంట్లో ఏమైనా ఉందేమో చూడండి. ఎవరికైనా డేటా పోతే ఆ డిస్కుని వెంటనే ఆపేయండి, దాని మీద ఏమీ కాపీ చేయకండి. ఖాతాలోంచి డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, స్లిప్పు, బిల్లు రెండూ ఉన్నాయి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

గుంటూరులో గానీ విజయవాడలో గానీ పాడైన వీడియో ఫైళ్లు నిజంగా బాగుచేసేవాళ్లు, మీరు స్వయంగా చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఆ హార్డ్‌డిస్క్ విప్పి పక్కన పెట్టాను, ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.