నా తప్పు నాకు చూపించిన కారం మర

గుంటూరు కొత్తపేటలో నేను ఏడాదికి పైగా కారం పట్టిస్తున్న మర గురించి ఇది. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే నాకు పెట్టుబడీ పేరూ రెండూ కారమే. కిందటి వేసవిలో ఇక్కడ పట్టించిన కారం రెండు నెలలకే ఇటుకరంగుకు తిరిగిందని కొన్నవాళ్లు వరసగా ఫోన్లు చేయడంతో, తప్పంతా మరదేనన్న నమ్మకంతో, మిగిలిన కాయలు సంచిలో వేసుకుని దెబ్బలాడటానికే వెళ్లాను.

యజమాని నా మాటకు అడ్డు రాలేదు. అంతా విన్నాక సంచిలోంచి గుప్పెడు కాయలు తీసి కాగితం మీద పరిచి, రంగు వెలిసిన తాలు కాయలను పక్కకు నెట్టి, ఎర్రగా ఉన్న ఒకదాన్ని నా చేతికిచ్చి విరవమన్నారు. అది పుటుక్కుమనలేదు, తోలులా వంగింది.

"చెమ్మ ఉందమ్మా. ఆరిన కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటాయి. చవకగా వచ్చాయని కొని, ఎండబెట్టకుండా తెచ్చారు. దీన్ని మా మర బాగుచేయలేదు" అన్నారు.

నలుగురిలో ఆ మాట పడటం చిన్నతనంగా తోచి కోపం వచ్చింది. కానీ రెండో కాయా వంగింది, మూడోదీ వంగింది.

ముచ్చికలతో పట్టిస్తే తూకం పెరిగి రంగు తగ్గుతుందని కూడా ఆయనే చెప్పారు. ఆ తూకం కోసమే నేను వాటిని తీయడం మానేశానన్నది నాకు తెలిసిన నిజం. సీసాలు ఎక్కడ పెడుతున్నారని అడిగితే, ఎండ తగిలే కిటికీ దగ్గరని ఒప్పుకోవలసి వచ్చింది. మిరపకు ఎరుపునిచ్చే కాప్సాంథిన్ వెలుతురుకూ వేడికీ నిలవదు. అంతకుముందు నేను వెళ్లిన మరలో ఏం తీసుకెళ్లినా "బంగారంలాంటి కాయలమ్మా" అనేవారు, ఆ మెప్పుకు అలవాటుపడి నా సరుకును నేను చూసుకోవడం మరిచిపోయాను.

ఇక పని విషయానికి వస్తే, మర వేడెక్కితే రంగూ వాసనా పోతాయని మధ్యమధ్య ఆపి చల్లారనిస్తారు కాబట్టి, కొత్త కాయలు వచ్చే రోజుల్లో గంటల తరబడి నిలబడాలి. కూర్చోవడానికి చోటు లేదు, ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకోవాల్సిందే. ధర కాస్త ఎక్కువే. తప్పును పక్కకు పిలిచి చెబితే బాగుండునని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఈ ఏడాది ఘాటూ రంగూ సమంగా ఉండే 334 రకం మిరపకాయలు 20 కిలోలు కొని, ముచ్చికలు తీసి, రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి తీసుకెళ్లాను. ఆయన ఒక కాయ విరిచి చూసి, ఇంకో ఎండ పడాలన్నారు. సంచి ఆటోలో వేసుకుని తిరిగి ఇంటికి తెచ్చేశాను.