పదకొండేళ్ల డిక్షనరీ, ఒక 'అణకువ గల ఇల్లాలు'

పదకొండేళ్లుగా నా బల్ల మీద ఒకటే ఇంగ్లీష్ డిక్షనరీ. అట్ట ఊడితే రెండుసార్లు అతికించాను. ఎన్ని పేజీలు, ఎన్ని పదాలు అన్నవి అట్ట వెనకే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. నా కోపమంతా ఒక్కదాని మీదే: ఒక పదానికున్న అర్థాలను అది వరుసగా పేర్చే తీరు.

ఒక పాత కథను తెలుగు చేస్తున్నాను. అందులో ఒకావిడను రచయిత 'బక్సమ్' అన్నాడు. డిక్షనరీ తీస్తే ఒకటో అర్థం 'చెప్పినట్టు వినే' అని ఉంది. హాయిగా 'అణకువ గల ఇల్లాలు' అని రాసేశాను. నాలుగు పేజీలు తిరిగేసరికి ఆ ఇల్లాలు తాగొచ్చిన మొగుణ్ణి ఒంటిచేత్తో ఎత్తి గుమ్మం బయట పడేసింది. అప్పుడైనా అనుమానం రావాలా వద్దా? 'పాపం, ఎంత విసిగిపోయిందో' అని సర్దిచెప్పుకున్నాను. రాతప్రతి చదివిన మిత్రుడు ఫోన్ చేసి, మాట్లాడకుండా ముందు కాసేపు నవ్వాడు. ఇప్పుడు ఆ మాటకు అర్థం ఒళ్లు నిండుగా ఉన్న మనిషి అని. అది మూడో అర్థంగా అడుగున ఉంది.

ముందుమాట తిరగేస్తే అక్కడ రాసే ఉంది: అర్థాలు పుట్టిన క్రమంలో ఇస్తాం, వాడుకను బట్టి కాదు అని. పాత ఇంగ్లీషులో 'వంగడం' అనే మాట నుంచి వచ్చిందట ఇది. వంగడం నుంచి అణకువ, తర్వాత హుషారు, చివరికి పుష్టి. ఒకటో అర్థం పక్కన 'ఇప్పుడు వాడుకలో లేదు' అని వాలు అక్షరాల్లో గుర్తు కూడా ఉంది. (ముందుమాటలు ఎవరు చదువుతారండీ?) పదం పక్కన వేసే '12వ శతాబ్దం' లాంటి కాలం కూడా ఆ పాత అర్థానిదే, మనం వాడేదానిది కాదు. అది తెలియక ఎంతమంది దగ్గర గొప్పలు పోయానో.

'ఇందులో లేని మాట లేదు' అని కూడా అనేవాణ్ణి. అదీ కాస్త తగ్గించుకోవాలి. ఒక్క సంపుటంలో ఇమడాలి కాబట్టి కొత్త పదాల కోసం కొన్ని పాతవి తీసేస్తారు. ఒకసారి చేర్చినదాన్ని తీసెయ్యని ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో కూడా 'బాండ్‌మెయిడ్' (బానిస పిల్ల) అనే పదం, దాన్ని రాసిపెట్టుకున్న చీటీ తప్పిపోయి, మొదటి కూర్పులో పడలేదు, 1933 అనుబంధంలో ఎక్కింది. అందుకని డిక్షనరీలో లేకపోతే అది మాటే కాదని వాదించడం మానేశాను, చాలావరకు.

పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చునే నాబోటివాడికి ఆ వరుసే ఇప్పుడు పనికొస్తోంది, అదొక విడ్డూరం. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలకైతే ఇవ్వను. మా అమ్మాయికి వాడుక అర్థం ముందు ఇచ్చే లెర్నర్స్ డిక్షనరీ కొన్నాను. నేను మాత్రం దీన్నే వాడుతున్నా, అర్థాలను కింది నుంచి పైకి చదువుకుంటూ.