చిన్న పత్రికకు సొంత యాప్: మూడేళ్ల వాడకం తర్వాత

తిరుపతి నుంచి వచ్చే 64 పేజీల మాసపత్రికను మూడేళ్లుగా ఆండ్రాయిడ్ యాప్‌లోనూ ఇస్తున్నాం. ప్రెస్సుకు పంపే పీడీఎఫ్‌నే యాప్‌లోకి ఎక్కిస్తే చాలంటూ ప్యాకేజీలు అమ్ముతారు. మొదటి ఏడాది అదే వాడాం. పనికిరాదు. ఏ4 పేజీ వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఫోను తెర దాదాపు 70. అంటే ప్రెస్సులో 12 పాయింట్లున్న అక్షరం ఫోనులో 4 పాయింట్లకు దిగిపోతుంది. రెండు కాలమ్‌ల పేజీని వేళ్లతో సాగదీసుకుంటూ, పైకీ కిందికీ జరుపుకుంటూ ఎవరు చదువుతారు?

వ్యాసాన్ని ఏ ఫోనైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్ అక్షరాలతో విడిగా పెట్టాల్సిందే. అసలు చాకిరీ అంతా ఇక్కడే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో (ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టిన పాత ఫాంట్లు) కట్టిన మేటర్ కాపీ చేస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకనిదీ అందుకే. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కు మార్చాక కూడా ప్రూఫు తప్పదు. అనులో పొల్లు వట్టి బొమ్మ. యూనికోడ్‌లో దాని పక్కన హల్లు వస్తే ఒత్తుగా మారుతుంది: ‘ఫేస్‌బుక్’ కాస్తా ‘ఫేస్బుక్’ అయి కూర్చుంటుంది. మధ్యలో కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలను కలవనివ్వని గుర్తు) వేయాలి. వేస్తే సెర్చ్‌లో ఆ మాట తప్పిపోతుంది, కాబట్టి దాన్ని తీసేసి పోల్చేలా సెర్చ్ రాయించుకోండి. సున్నా (ం) బదులు అంకె 0, విసర్గ బదులు కోలన్ పడడం మామూలే. సంచికకు ఇద్దరికి రెండు రోజుల పని.

వరుసల ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్లు ఉంచండి. తగ్గిస్తే ‘రాష్ట్రం’లోని ఒత్తులు కింది వరుస అక్షరాల గుడి గుర్తులకు తగులుతాయి. సంచిక ముందే డౌన్‌లోడ్ అయ్యే ఏర్పాటూ ఉండాలి. నారాయణాద్రి రైల్లో రాత్రి చదివేవాళ్లకు సిగ్నల్ దారంతా దొరకదు.

ప్లే స్టోర్ ఖాతా రుసుము ఒక్కసారే 25 డాలర్లు. ఖాతా మాత్రం పత్రికవాళ్ల పేరు మీదే తెరవాలి. మాది యాప్ చేసిచ్చినవాళ్ల ఖాతాలో ఉండేది. వాళ్లు ఫోనెత్తడం మానేశాక కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టాం, పాత డౌన్‌లోడ్‌లు పోయాయి. ఇప్పుడు కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిస్తే 12 మంది వరసగా 14 రోజులు పరీక్షించాకే విడుదలకు అర్జీ పెట్టుకోనిస్తారు. అలిపిరి దాకా నడిచే మిత్రబృందం ఒకటుంటే చాలు, పన్నెండుగురు దొరుకుతారు. విడుదలతో ఖర్చు ఆగదు. గూగుల్ ఏటా టార్గెట్ ఏపీఐ స్థాయి (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కు తగ్గట్టు చేశారో చెప్పే అంకె) పెంచుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి అప్‌డేట్‌లకు ఆండ్రాయిడ్ 15 స్థాయి కావాలి. పట్టించుకోకపోతే కొన్నాళ్లకు కొత్త ఫోన్లు కొన్నవాళ్లకు యాప్ కనబడదు. ఏడాదికోసారి డెవలపర్ కూలీని బడ్జెట్‌లో రాసుకోండి.

ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు. పైగా వట్టి పుస్తకంలాంటి యాప్‌లను వాళ్లు తిప్పి పంపుతారు. మేం ఆ జోలికి పోలేదు. ఐఫోన్ చందాదారులకు పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపుతున్నాం, ఆ 4 పాయింట్ల అక్షరాలతోనే.