బ్యాక్‌టిక్‌తో నాలుగేళ్లు, ప్లస్ మీద తీరని కోపం

కీబోర్డ్‌లో ఎస్కేప్ కింద, ఒకటి అంకెకు ఎడమ పక్కన చిన్న వాలు గీత ఒకటి ఉంటుంది. అదే బ్యాక్‌టిక్. ఒకప్పుడు దాన్ని పొరపాటున కూడా నొక్కలేదు. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఆ కీ మీద అచ్చు సగం చెరిగిపోయింది.

వెబ్ పేజీలకు కోడ్ రాసే భాష జావాస్క్రిప్ట్‌లోకి, వాక్యం మధ్యలో విలువలు పెట్టి రాసే గుర్తుగా ఇది 2015లోనే వచ్చింది. బెంగళూరు మారతహళ్లిలో నేను చేరిన కోచింగ్‌లో మాత్రం 2021లో కూడా మాటలు అతకడానికి ప్లస్సే నేర్పారు. కొటేషన్, ప్లస్, పేరు, ప్లస్, మళ్లీ కొటేషన్. మధ్యలో ఖాళీ మర్చిపోతే "రూమ్204అద్దె" అని ఒకటే ముద్ద. బ్యాక్‌టిక్‌లో ఆ గోల లేదు. వాక్యం రాసుకుంటూ పోయి, విలువ కావాల్సిన చోట డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్ పెడితే సరి.

నన్ను దీనివైపు తోసింది మా పీజీ ఓనర్ బిల్లు. నెల్లూరు ఆయన, అందరం అన్నా అనే పిలుస్తాం. అద్దె, కరెంటు కొడితే మొత్తం చూపించే పేజీ ఒకటి చేసిపెట్టమన్నాడు. చేశాను. కొత్తగా చేరినవాడికి ఐదొందలు తగ్గించి చూశా: 8500 లోంచి 500 పోతే 8000. కరెక్ట్. ధైర్యంగా ఇచ్చేశా.

ఒకటో తారీఖు పొద్దున్నే అన్న ఫోన్. "తమ్ముడూ, 204 వాడు ఎనభై ఐదు లక్షల ఆరొందల నలభై కట్టాలంట. ఈ లెక్కన ఒక్క నెల వసూలు చేసుకుని ఊరెళ్లిపోతా!"

8500, 640 పక్కపక్కన అతుక్కుని 8500640 అయ్యాయి. పేజీలో టైపు చేసే పెట్టెలో అంకెలు కొట్టినా, నంబర్ టైపు పెట్టె పెట్టినా, దాని విలువ చదివితే జావాస్క్రిప్ట్ చేతికి అక్షరాలుగానే వస్తుంది. అక్షరాల మధ్య ప్లస్ కనపడితే అది అతికేస్తుంది. మైనస్‌కు అతికే పని లేదు కాబట్టి అంకెలుగా మార్చుకుని తీసేస్తుంది. నేను మైనస్ ఒక్కటే పరీక్షించి మురిసిపోయా.

ఆ కోపంలో పేజీ మొత్తం బ్యాక్‌టిక్‌లోకి మార్చేశా. ఇక గొడవ లేదనుకున్నా. మళ్లీ అదే ఎనభై ఐదు లక్షలు! ఫ్లవర్ బ్రాకెట్ లోపల అద్దె, కరెంటు మధ్య ఉన్నది ఆ పాత ప్లస్సే కదా. చివరికి రెండింటినీ ముందే నంబర్‌గా మార్చాకే 9140 వచ్చింది. అంటే నన్ను గట్టెక్కించింది బ్యాక్‌టిక్ కాదు. ఆ నెల మాత్రం కనపడినవాళ్లందరికీ దాని గొప్పే చెప్పా.

ఇంకో చిన్న చిరాకు. నాలుగు లైన్ల వాట్సాప్ మెసేజ్ బ్యాక్‌టిక్‌తో హాయిగా రాయొచ్చు, కానీ కోడ్ నీట్‌గా ఉండాలని లోపలికి జరిపిన ఖాళీలన్నీ మెసేజ్‌లోకి కూడా వెళ్లాయి. "ఇదేంది తమ్ముడూ, మెట్లు మెట్లుగా వచ్చింది" అన్నాడు అన్న.

ఇప్పుడు ఆఫీసులో ఎక్కువగా పీహెచ్‌పీ అనే ఇంకో కోడ్ భాష. అక్కడ అతకడానికి చుక్క, కూడడానికి ప్లస్, దేని పని దానిదే. మొదట అదే నేర్చుకుని ఉంటే ప్లస్ మీద ఇంత పగ ఉండేది కాదేమో.

ల్యాప్‌టాప్ మీద జావాస్క్రిప్ట్ మొదలుపెట్టేవాళ్లకు మొదటి వారంలోనే బ్యాక్‌టిక్ అలవాటు చేసుకోమంటా. మా పిన్ని కొడుకు మాత్రం ఫోన్‌లోనే నేర్చుకుంటున్నాడు. వాడి కీబోర్డ్‌లో ఈ గీత దొరకాలంటే సింబల్స్ రెండో పేజీకి పోవాలి. "ప్లస్ అయితే మొదటి పేజీలోనే ఉంది అన్నా" అన్నాడు. వాడితో వాదించలేదు, నంబర్‌గా మార్చడం ఒక్కటి మర్చిపోవద్దన్నా.