పెలా ఊళ్లో ఎనిమిది రోజులు: ఉండొచ్చా, స్థలం కొనొచ్చా?

మా అక్కావాళ్లు ఇండోనేషియాలో, సమరిందాలో ఉంటారు. బావగారు అక్కడ బొగ్గు రవాణా కంపెనీలో చాలా ఏళ్లుగా చేస్తున్నారు. మొన్న ఏప్రిల్‌లో ఫోన్ చేసి, "ఏమోయ్, ఇక్కడ మహాకం నదికి ఎగువన సరస్సు పక్కన ప్లాటు చూపిస్తున్నారు, కొత్త రాజధాని వస్తోంది కదా, రేట్లు పెరుగుతాయంటున్నారు, నువ్వు కొల్లేరు వాడివి, నీళ్ల పక్క భూమి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, ఒకసారి వచ్చి చూసి చెప్పు" అన్నారు. సెలవు ఉంది, అక్కని చూసి రెండేళ్లయింది, బయల్దేరాను. ఆ సరస్సు పక్క ఊరి పేరే పెలా. అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకీ, "విదేశంలో చవగ్గా ఒక ఇల్లు" అని మనసులో ఉన్నవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు దారి. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, అక్కణ్నుంచి జకార్తా, మళ్లీ అక్కణ్నుంచి బాలిక్‌పాపన్. మనకి దిగాక వీసా ఇస్తారు, 5 లక్షల రుపయా, అంటే మన డబ్బుల్లో రెండున్నర వేలకి కాస్త పైన. 30 రోజులు ఉండొచ్చు, ఇంకో 30 రోజులు ఒకసారి పొడిగించుకోవచ్చు. బాలిక్‌పాపన్ నుంచి సమరిందాకి టోల్ రోడ్డు ఉంది, చాలా బాగుంది. సమరిందా నుంచి కోటా బంగున్‌కి కారులో మూడు గంటలు పట్టింది, చివర్లో రోడ్డు అక్కడక్కడా గుంటలు. కోటా బంగున్ రేవులో 'చెస్' అనే సన్నటి ఇంజన్ పడవ ఎక్కితే అరగంట లోపు పెలా. ఇంజన్ చప్పుడుకి పక్కవాడి మాట వినపడదు, చెవుల్లో దూది పెట్టుకోండి.

పెలా ఉన్న చోటు చెబితే కొల్లేటివాళ్లకి వెంటనే అర్థమవుతుంది. పక్కన సెమయాంగ్ అనే పెద్ద సరస్సు, దాన్ని మహాకం నదితో కలిపే చిన్న ఏరు, ఆ ఏటి ఒడ్డునే ఊరు. మనకి ఉప్పుటేరు కొల్లేటి నీటిని సముద్రానికి తీసుకుపోతుంది, ఇక్కడి ఏరు మాత్రం రెండు వైపులా పారుతుంది, నది పొంగితే నీళ్లు సరస్సులోకి ఎక్కుతాయి, నది తగ్గితే సరస్సు నీళ్లు నదిలోకి దిగుతాయి. ఇళ్లన్నీ కట్టె స్తంభాల మీదే. ఇంటికీ ఇంటికీ మధ్య చెక్క వంతెనలు, వాటి మీదే పిల్లల సైకిళ్లు, మోటార్ సైకిళ్లు, ఎండబెట్టిన చేపల చాపలు. ఆ ఎండుచేపల వాసన నా చిన్నప్పటి వాసనే, పడవ దిగగానే ప్రాణం లేచొచ్చింది. సరస్సులో గుర్రపుడెక్క కూడా అచ్చం మనలాగే, పడవ దారిని మూసేసి, పొద్దున ఒక పక్క, సాయంత్రం గాలి మారాక ఇంకో పక్క.

ఊరి ఇంట్లోనే ఒక గది అద్దెకి తీసుకున్నాను, రాత్రికి లక్షన్నర రుపయా, మన లెక్కలో ఎనిమిది వందలు. నేల మీద పరుపు, దోమతెర, ఫ్యాన్, అంతే. శుభ్రంగా ఉంది. కరెంటు ఉంది, ఫోన్ సిగ్నల్ ఉంది, వీడియో కాల్ కూడా వచ్చింది. తాగడానికి క్యాన్ నీళ్లే, ఆ క్యాన్‌ని 'గాలోన్' అంటారు. స్నానం, బట్టలుతకడం అన్నీ ఏటి మీద తేలే చెక్క తెప్పల మీద, కొన్ని ఇళ్లకి మరుగుదొడ్డి కూడా ఆ తెప్ప మీదే. ఇది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఫోటోల్లో ఇది కనపడదు. మా ఇంటావిడ (అందరూ ఆవిణ్ని ఇబు అంటారు, మన అమ్మగారు లాంటి పిలుపు) ఇంట్లోనే స్నానాల గది కట్టించింది కాబట్టి నాకు ఇబ్బంది కాలేదు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం ముందే అడిగి తీరాలి.

తిండి విషయంలో చేప తినేవాళ్లకి పండగే. పొద్దున్నే పసుపన్నం, దాని మీద ఎర్ర మిరపకాయల పులుసులో కాస్త తియ్యగా వండిన 'హరువాన్' ముక్క. హరువాన్ అంటే ఏమిటో అనుకున్నాను, వలలోంచి తీసి చూపిస్తే కొరమీను! తూటికూరని 'కంగ్‌కుంగ్' అని వెల్లుల్లి వేసి వేయిస్తారు, మనం కాలవ గట్టున కోసి పారేసే కూర అక్కడ రోజూ కంచంలో ఉంటుంది. శాకాహారులు తోఫు, తెంపే (రెండూ సోయాతో చేసేవే), అన్నం, కూర అని స్పష్టంగా చెప్పాలి, చెప్పినా పక్కన వేసే మిరప్పచ్చట్లో రొయ్యల ముద్ద కలిసి ఉంటుంది, కాబట్టి పచ్చడి లేకుండా పెట్టమనండి. మాగాయ సీసా పట్టుకెళ్లాను, మూడో రోజుకి ఇబు అడిగి వేసుకుంది.

తెల్లవారుజామున లేచి ఏటి మెట్ల మీద కూర్చుంటే ఒక్కోసారి ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు శబ్దం వస్తుంది. అది పెసుత్, నదిలో ఉండే డాల్ఫిన్. మన పక్కన చిలికా సరస్సులో ఉండే ఐరావతి డాల్ఫిన్ జాతే ఇది. ముక్కు పొడుగు ఉండదు, బుర్ర గుండ్రంగా ఉంటుంది. మొత్తం మహాకంలో ఇప్పుడు వందకి బాగా తక్కువే మిగిలాయి. వలల్లో చిక్కుకుని చనిపోవడమే పెద్ద ముప్పు, దానికి తోడు పెద్ద నదిలో రోజంతా బొగ్గు బార్జ్‌లు. నాకు ఎనిమిది రోజుల్లో మూడు సార్లు కనిపించాయి, మూడోసారి తల్లీ పిల్లా కలిసి. అప్పుడు పక్కన వల సర్దుకుంటున్న ముసలాయన పని ఆపేసి, అవి వెళ్లేదాకా కదల్లేదు. 2022లో ప్రభుత్వం ఈ ఎగువ మహాకంలో సుమారు 42 వేల హెక్టార్లు పెసుత్ కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. స్థలం కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక ప్లాటు. దళారీ బావగారికి పంపిన ఫోటోల్లో పచ్చటి గడ్డి మైదానం, వెనక సరస్సు, పైన నీలం ఆకాశం. 20 మీటర్లు వెడల్పు, 50 మీటర్లు పొడవు అని రాశాడు. నాలుగో రోజు పడవాయన్ని మాట్లాడుకుని, ఫోన్లో గుర్తు చూపించి అక్కడికి తీసుకెళ్లమన్నాను. అరగంట పోయాక నడి నీళ్లలో ఇంజన్ ఆపేశాడు. చుట్టూ గుర్రపుడెక్క, దూరంగా కిక్కిస లాంటి పొదలు. నేల ఎక్కడుంది అని నేను అడిగితే ఆయన ఏమీ మాట్లాడకుండా పడవలో ఉన్న గెడకర్ర తీసి నిలువుగా దించాడు. కర్ర దిగుతూనే ఉంది. అడుగు తగిలాక తడి గుర్తు మీద వేలు పెట్టి, కర్ర పైకి తీసి, నా పక్కన నిలబెట్టి చూపించాడు. ఆ గుర్తు నా తల దాటి జానెడు పైన ఉంది. మేం ప్లాటు మీదే ఉన్నాం. ఫోటోలు తీసింది ఆగస్టులోనో సెప్టెంబరులోనో, నీళ్లు తీసినప్పుడు.

నాకు ఒళ్లు చల్లబడింది. ఎందుకంటే ఈ కథ మా ఇంట్లో జరిగిందే. కొల్లేటిలో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. జిరాయితీ (సొంత భూమి) కాగితం ఉన్నవాడూ, ప్రభుత్వం ఇచ్చిన డి-ఫారం పట్టా ఉన్నవాడూ, ఏ కాగితమూ లేకుండా నోటి మాట మీద డబ్బిచ్చినవాడూ ఒకే గట్టు మీద నిలబడి చూశారు. మా చిన్నాన్న మూడో రకం.

అందుకే కాగితాల సంగతి గట్టిగా కనుక్కున్నాను, సమరిందాలో ఒక నోటరీ దగ్గర గంటసేపు కూర్చుని అడిగాను. అక్కడి భూచట్టం 1960 నాటిది. పూర్తి హక్కు, అంటే 'హక్ మిలిక్', ఇండోనేషియా పౌరులకి మాత్రమే. విదేశీయుడికి అది వారసత్వంగా వచ్చినా ఏడాది లోపు వదులుకోవాలి. మనలాంటివాళ్లకి దొరికేది 'హక్ పకాయ్', వాడుకునే హక్కు, 30 ఏళ్లు, తర్వాత 20, తర్వాత మళ్లీ 30, దానికి కూడా ఇమ్మిగ్రేషన్ పత్రాలు సరిగ్గా ఉండాలి, ఇంటికి ప్రభుత్వం పెట్టిన కనీస ధర ఉంటుంది, ఆ ధర పట్నంలో పెద్ద ఇళ్లని దృష్టిలో పెట్టుకుని పెట్టిందే తప్ప పల్లెటూరి చెక్క ఇంటికి పనికిరాదు. కంపెనీ పెట్టి కొనాలంటే పెట్టుబడి 1000 కోట్ల రుపయా దాటాలి, అంటే మనకి ఐదు కోట్ల పైమాటే. ఇక దళారీ చెప్పిన మార్గం, ఊరివాడి పేరు మీద కొని పక్కన ఒప్పందం రాసుకోవడం. ఇది బినామీ. 1960 చట్టంలోనే 26వ సెక్షన్ ఇలాంటి లావాదేవీ చెల్లదంటుంది, చెల్లకపోవడమే కాదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే దారి కూడా ఉండదు.

ఆ పైన, దళారీ చూపించిన కాగితం పట్టా కూడా కాదు. ఊరి పెద్ద సంతకంతో ఇచ్చే 'ఎస్‌కేటీ' అనే భూమి ధ్రువపత్రం. (ఊరి పెద్దని 'కెపాలా దెసా' అంటారు, కపాలం, దేశం రెండూ మన చెవికి తెలిసిన మాటలే, ధరని 'హర్గా' అంటారు, అది మన అర్ఘమే.) ఆ కాగితంతో స్థానికుడు కూడా బీపీఎన్ ఆఫీసులో, అంటే వాళ్ల భూముల శాఖలో, సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే అసలు హక్కు. ఇంకోటి, 2011 నాటి నదుల నిబంధన ప్రకారం సరస్సుకి ఇప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువగా నీళ్లు వచ్చిన గుర్తు నుంచి కనీసం 50 మీటర్లు వదలాలి. పట్నం బయట గట్టు లేని పెద్ద నదికయితే 100 మీటర్లు. బావగారి ప్లాటు ఆ 50 మీటర్లలో కూడా లేదు, ఏకంగా సరస్సులోనే ఉంది.

రాజధాని మాట కూడా చెప్పేస్తాను. నుసాంతరా అని పేరు పెట్టారు, 2019 ఆగస్టులో ప్రకటించారు, 2022లో చట్టం చేశారు. అది సెపాకు వైపు. పెలా నుంచి పడవ, కారు కలిపి ఐదారు గంటల ప్రయాణం, మధ్యలో సమరిందా పట్నమే ఉంది. అక్కడ భవనాలు లేస్తే ఇక్కడ చేపల సరస్సు పక్కన గజం రేటు పెరుగుతుందనేది నమ్మకం మాత్రమే. అమరావతి పేరు చెప్పి ఎంత దూరం దాకా వెంచర్లు వేశారో చూసినవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అయితే ఉండడానికి ఊరు బాగోలేదా అంటే, బాగుంది, చాలా బాగుంది. నెల రెండు నెలలు ప్రశాంతంగా రాసుకునేవాళ్లకీ, పక్షుల్నీ చేపల్నీ చూసేవాళ్లకీ ఇంతకంటే మంచి చోటు నేను చూళ్లేదు. ఇబుని నెలకి అద్దె అడిగితే 25 లక్షల రుపయా చెప్పింది, భోజనం వేరు. పదమూడు వేలు. కష్టమల్లా వైద్యం. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే పడవలో కోటా బంగున్ వెళ్లాలి, పెద్ద జబ్బయితే అక్కణ్నుంచి తెంగరోంగ్ ఆసుపత్రికి. షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు నెలల తరబడి ఉండడం మంచిది కాదు. పెద్ద కరువు వచ్చిన ఏడాది సరస్సు బురద అయిపోతుంది, పడవలు తిరగవు, తాగునీళ్లూ కష్టమే.

మిగతా బసల గురించి నాలుగు మాటలు. కోటా బంగున్‌లో రేవు పక్క ఒక లాడ్జిలో దిగాను, ఏసీ ఉందని డబ్బు తీసుకున్నారు, రాత్రంతా పనిచెయ్యలేదు, పొద్దున అడిగితే కరెంటు తక్కువన్నారు. అక్కడ ఆగకుండా నేరుగా పెలా వెళ్లడమే మంచిది. చివరి రెండు రాత్రులు ఇంకా ఎగువన ముఆరా ముంతాయ్‌లో ఉన్నాను. ఆ ఊళ్లో వీధులన్నీ ఉలిన్ చెక్కవే. ఉలిన్ అంటే నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన చెట్టు, ఏళ్ల తరబడి తడిసినా కుళ్లదు. మోటార్ సైకిల్ వస్తుంటే వీధి చివర్నుంచీ చెక్కలు టకటకమంటూ వస్తాయి, మొదటి రాత్రి నిద్రపట్టలేదు, రెండో రాత్రి అలవాటైంది. గది చవక, స్నానాల గది ఉమ్మడి, మనుషులు మంచివాళ్లు. సంసారాలతో వెళ్లేవాళ్లు పెలా, ఒంటరిగా తిరిగేవాళ్లు ముంతాయ్, ఇదీ నా లెక్క.

తిరిగి వచ్చేటప్పుడు కారు మానేసి ప్రయాణికుల పడవ ఎక్కాను. పై అంతస్తులో వరసగా పరుపులు, పక్కనే తెలియని కుటుంబం, వాళ్ల పిల్లాడు నా కాళ్ల మీద తలపెట్టి పడుకున్నాడు. రాత్రి ముఆరా కమాన్ దాటుతుంటే లేచి కూర్చున్నాను. క్రీ.శ. 400 ప్రాంతంలో మూలవర్మ అనే రాజు బ్రాహ్మణులకి ఇరవై వేల గోవుల్ని దానం చేశానని సంస్కృతంలో చెక్కించిన యూప స్తంభాలు దొరికింది అక్కడే. లిపి పల్లవ లిపి. మన అక్షరాలకి దగ్గరి చుట్టం. అసలువి జకార్తా మ్యూజియంలో ఉన్నాయి, తెంగరోంగ్‌లో నమూనాలు పెట్టారు, వెళ్లేదారిలో ఒక గంట ఆగి చూడండి.

సమరిందాలో బావగారికి గెడకర్ర ఫోటో చూపించాను. దళారీకి బయానా ఏమైనా ఇచ్చారా అని అడిగితే కాసేపు ఆగి "యాభై లక్షలు" అన్నారు, రుపయాలే, మన డబ్బుల్లో ఇరవై ఆరు వేలు. రశీదు లేదు. అక్క వంటింట్లోంచి వింది గానీ ఏమీ అనలేదు. రెండు రోజులు ఆయన ఫోన్లు చేస్తూనే ఉన్నారు, రెండో రోజు సాయంత్రం సగం తిరిగొచ్చింది. ఆ సగంలోంచే ఇబుకి ఆగస్టు నెల అద్దె పంపించాం. నీళ్లు తీశాక అక్కా బావా వెళ్లి ఆ నెలంతా అక్కడ ఉంటారు, ఫోటోలో ఉన్న ఆ గడ్డి మీద నడిచి చూడాలని బావగారికి ఉంది.